గుల్మార్గ్ మంచుకు తట్టుకుని, బెజవాడ చెమ్మకు లొంగిన బూట్లు

2018 జనవరిలో కశ్మీరులోని గుల్మార్గ్‌లో మొదటిసారి స్నోమొబైల్, అంటే మంచు మీద నడిచే మోటారు బండి, ఎక్కినప్పుడు నా కాళ్లకు అద్దె బూట్లున్నాయి. గుల్మార్గ్‌కు కింద ఉన్న టంగ్‌మార్గ్ ఊరి దగ్గర రబ్బరు బూట్లు, పొడవాటి కోట్లు అద్దెకిచ్చే దుకాణాలు వరసగా ఉంటాయి, అక్కడివే. దిగాక రెండు గంటలదాకా కాలివేళ్లకు స్పర్శ తెలియలేదు. అయినా ఆ బండి మీద మనసు పడింది, ఇక ప్రతి శీతాకాలం రావాలనుకున్నాను. ఆ నవంబరులోనే 5,800 రూపాయలు పెట్టి ఈ జత కొన్నాను. విజయవాడలో మంచు బూట్లెందుకని మా ఆవిడ అడిగింది. అప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు.

అడుగున రబ్బరు, పైన నీరు పట్టని గుడ్డ, లోపల విడిగా బయటికి తీయగలిగే ఉన్ని తొడుగు. పెట్టె మీద మైనస్ 32 డిగ్రీల వరకు పనికొస్తాయని ఉంది. ఆ అంకెను నమ్మి మోసపోకండి. నడిచేవాడి కాలు తనంతట తానే వేడెక్కుతుంది. స్నోమొబైల్ మీద కాళ్లు రెండు పక్కలా పలకల మీద కదలకుండా ఉంటాయి, పైగా ఎదురుగాలి. మైనస్ 10 డిగ్రీల చలిలో గంటకు 30 కిలోమీటర్ల గాలి తగిలితే ఒంటికి అది మైనస్ 20లా ఉంటుంది. ఈ బూట్లలో నా వేళ్లు నలభై నిమిషాలు హాయిగా ఉన్నాయి, ఆ తర్వాత చలి మొదలైంది. అద్దె బూట్లలో పది నిమిషాలకే మొదలైన సంగతి గుర్తుంది కనుక నాకు ఇది గొప్పగానే అనిపించింది.

మొదటి ఏడాది తప్పు నాదే. బీసెంట్ రోడ్డులో కొన్న నూలు మేజోళ్లు రెండు జతలు ఒకదానిమీద ఒకటి వేసుకున్నాను. బూటు బిగుతై రక్తం సరిగా ఆడలేదు, నూలు చెమట పీల్చుకుని తడిసింది, కాలు గడ్డకట్టింది. మరుసటి ఏడాది నుంచి ఒకే జత ఉన్ని మేజోళ్లు. కొత్తగా కొనేవాళ్లు ఒక సైజు పెద్దదే తీసుకోండి, వేళ్లు లోపల కదలాలి.

ఈ బండికి బూటు అడుగు ఎంత ముఖ్యమో చెప్పాలి. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పలచబడి ఇంజను బలం తగ్గుతుంది. 3,000 మీటర్ల దగ్గర, టర్బో లేని ఇంజను దాదాపు 30 శాతం కోల్పోతుంది. గుల్మార్గ్ 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, దాని పైనున్న కొంగ్దూరి 3,000 దాటుతుంది. బండికి బలం తగ్గిన చోట నడిపేవాడి ఒంటి బరువే ఆసరా. ఎక్కుడులో నిలబడి ముందుకు వంగాలి, ఏటవాలు పక్కగా వెళ్లేటప్పుడు బరువంతా కొండవైపు కాలి మీద వేయాలి. పలక అంచులకున్న ఇనుప పళ్లు ఈ రబ్బరును గట్టిగా పట్టుకునేవి. నాలుగు శీతాకాలాలు, అంటే 2019, 2020, 2022, 2023ల్లో, ఒక్కసారీ జారలేదు. హోటలు మెట్ల మీద గడ్డకట్టిన మంచులో మాత్రం రెండుసార్లు పడ్డాను.

రాత్రి ఉన్ని తొడుగును తీసి ఆరబెట్టకపోతే మర్నాడు బూటు పనికిరాదు. బుఖారీకి, అంటే గది వెచ్చబెట్టే కశ్మీరీ పొయ్యికి, మరీ దగ్గరగా పెడితే ముడుచుకుపోతుంది, రెండడుగుల దూరం చాలు. తాళ్లు మంచుకు బిగుసుకుని, చేతి తొడుగులతో ఊడవు. తాళ్లకు బదులు పట్టీ ఉంటే బాగుండేది.

2024 జనవరిలో గుల్మార్గ్‌లో మంచే లేదు. గోధుమరంగు గడ్డి చూసి, సంచి విప్పకుండానే తిరిగొచ్చాం. బూట్లను ఎప్పటిలాగే ప్లాస్టిక్ కవరులో గట్టిగా కట్టి అటకెక్కించాను. మాది సింగ్‌నగర్. ఆ సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు నీళ్లు అటకదాకా రాలేదు కానీ, ఇల్లు వారాల తరబడి చెమ్మగానే ఉంది.

2025 ఫిబ్రవరి. కొంగ్దూరి దారిలో ఏటవాలు మీద బరువు కుడికాలి మీద వేశాను, మడమ కింద ఏదో జారిపోయినట్టయింది. కాలు పలక మీంచి తప్పింది. హ్యాండిల్ మీది యాక్సిలరేటరు నుంచి చేతి బొటనవేలు తీసేశాను, బండి ఆగింది. చూస్తే అడుగు రబ్బరు సగం ఊడి వేలాడుతోంది. వెనక కూర్చున్న స్నోమొబైల్ డ్రైవరు తన మఫ్లరుతో కట్టి కిందికి తెచ్చాడు. ఆ ఏటవాలు ఇంకాస్త ఎక్కువై ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఇంటికొచ్చాక వీధి చివర చెప్పులు కుట్టే ఆయనకు చూపించాను. వేలితో నొక్కితే లోపలి పొర పొడిగా రాలింది. “కుట్టడానికి పట్టు లేదండీ, పిండైపోయింది” అన్నాడు. అది పాలీయురథేన్ అనే ప్లాస్టిక్ నురుగు పొర. వేడిలో, తేమలో ఏళ్ల తరబడి ఉంటే ఆ పదార్థం నీటితో చర్య జరిగి విరిగిపోతుంది, వాడినా వాడకపోయినా. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, శ్లాబు కింది అటకలో ఈ బూట్లు ఆరు వేసవులు మగ్గాయి. కవరు లోపలి చెమ్మను బయటికి పోనివ్వలేదు. అమ్మిన దుకాణానికి రాస్తే గడువు దాటిందన్నారు. సరే, దాటింది. కానీ మైనస్ 32 అని పెద్ద అక్షరాలతో అచ్చు వేసినవాళ్లు, వేడిలో దాచవద్దని ఒక్క మాట వేయాల్సింది.

కోస్తా నుంచి ఏటా మంచుకు వెళ్లేవాళ్లుంటే ఈ రకం కొనండి, అయితే అడుగులోని మధ్యపొర ఈవీఏ (మరో రకం నురుగు పదార్థం) గానీ, అడుగు మొత్తం రబ్బరు గానీ అయి ఉండాలి, అడిగి తెలుసుకోండి. వెళ్లే ముందు ఇంట్లోనే తొడుక్కుని అరగంట మెట్లెక్కి దిగండి. ఒక్కసారి వెళ్లేవాళ్లకు టంగ్‌మార్గ్ అద్దె బూట్లే మేలు, మంచి ఉన్ని మేజోళ్లు మాత్రం మీవి తీసుకెళ్లండి.

పాత జతలో ఉన్ని తొడుగులు ఇంకా బాగున్నాయి. కొత్తగా కొన్న రబ్బరు బూట్లలో అవే పెట్టాను. ఇప్పుడవి అటక మీద లేవు, పడకగది బీరువాలో అడుగు అరలో, లోపల వార్తాపత్రికలు కుక్కి, కవరు లేకుండా ఉన్నాయి.