తగరం గుండ్లు: చేతులు శుభ్రం, గాలికి లోకువ

సీసం లేని తగరం ఎయిర్‌గన్ గుండ్ల డబ్బా మీద అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉండేది వేగం. ఆ అంకె చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అబద్ధమని కాదు, నిజమే. ఆ వేగం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చెప్పరు. గుండు తేలిక కాబట్టి వచ్చింది. సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకు 11.3 గ్రాములు, తగరానిది 7.3. అదే 4.5 మిల్లీమీటర్ల గొట్టంలో పట్టే గుండు సీసంలో అరగ్రాము పైచిలుకు తూగితే, తగరంలో దాదాపు 0.35 గ్రాములే. తేలికైనదాన్ని తోస్తే ముందు జోరుగానే పోతుంది. తర్వాత సంగతి డబ్బా మీద ఉండదు.

మేము వీటికి మారింది అమ్మాయి కోసం. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వసారా పొడవు 10 మీటర్ల సాధనకు సరిగ్గా సరిపోతుంది. సీసం గుండ్లు ఒక్కొక్కటే తీసి పెట్టేసరికి బొటనవేలి కొస, చూపుడువేలి కొస నల్లబడేవి. మధ్యలో అదే చేత్తో పల్లీలు తినేది. రక్తంలో సీసం ఇంతవరకు ఉంటే పరవాలేదు అనదగ్గ మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పైగా మింగిన సీసాన్ని పిల్లల ఒళ్ళు పెద్దవాళ్ళ కంటే నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందట. తగరమంటే మన ఇత్తడి గిన్నెలకు కళాయి వేసే లోహమే కదా అని మారాం. వేళ్ళు నల్లబడటం ఆ రోజుతో ఆగింది. 10 మీటర్ల పోటీ అట్ట మీద పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే, అయినా గురిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఒక రకం మా బ్యారెల్‌కు నప్పలేదు, ఇంకో రకం నప్పింది. అడిగిన వాళ్ళందరికీ ధైర్యంగా కొనుక్కోమన్నాను. వసారా వరకు ఆ మాట ఇప్పటికీ చెల్లుతుంది.

కొల్లాపూర్ దగ్గర మా మామిడి తోటలో సంగతి వేరు. అక్కడ మట్టికట్ట ముందు అట్టముక్క నిలబెట్టి 40 మీటర్ల నుంచి కొడతాం. ఆకు కదలని తెల్లవారుజామున తగరం గుండ్లు కూడా నిమ్మకాయంత చోటులోనే పడతాయి. ఆషాఢం గాలి మొదలైందా, ఇక అంతే. ఒక పొద్దున ఒకే అట్ట మీద రెండు చుక్కలు పెట్టి, ఒకదానికి సీసం, రెండోదానికి తగరం కొట్టి చూశాం. విసురు వస్తోంది, ఆగుతోంది, మళ్ళీ వస్తోంది. సీసం గుండ్లు చుక్క నుంచి బెత్తెడు పక్కకు జరిగాయి, కానీ దాదాపు అన్నీ కలిసే జరిగాయి. గురిని అంత పక్కకు పెడితే సరిపోయింది. తగరం చిల్లులు మాత్రం అడ్డంగా సాగిపోయాయి. మొదటిది చుక్క పక్కనే, చివరిది జానెడుకు కాస్త తక్కువ దూరాన. అమ్మాయి అట్ట విప్పి వెలుతురుకు ఎత్తి పట్టి, "నాన్నా, చీమల బారు" అంది. తేలిక గుండు ఎంత వేగంగా బయలుదేరినా గాలిని చీల్చుకుంటూ పోయే ఊపు దానికి మిగలదు, సగం దారిలోనే చతికిలబడుతుంది.

కాలిఫోర్నియాలో ఉండే మా బావమరిదికి ఇది చెబితే నవ్వాడు. అతను లైసెన్సు తీసుకుని జింకల వేటకు వెళతాడు. అక్కడ 2019 జూలై 1 నుంచి ఏ వేటకైనా సీసం తూటా నిషిద్ధం. వేటాడిన జంతువుల అవశేషాల్లోని సీసం తిని కాండోర్ రాబందులు చచ్చిపోతుండటం ఆ చట్టానికి ఒక ముఖ్య కారణం. "బావా, మాది రాగి. సాంద్రత 8.9. సీసం తూటా అంత బరువు రావాలంటే పొడవు పెంచాలి, పొడవాటి తూటా నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపల తూటాను తిప్పే గాళ్ళ మెలిక బిగువుగా ఉండాలి" అన్నాడు. రాగి సీసమంత మెత్తన కాదు. తగినంత వేగంతో తాకితేనే దాని కొస రేకులుగా విచ్చుకుంటుంది. దూరం పెరిగి వేగం పడిపోతే సన్నని రంధ్రం చేసి దూసుకుపోతుంది, జింక గాయంతో పారిపోతుంది. అందుకని అతను డబ్బా మీది వేగం పట్టించుకోడు. తాను కొట్టే దూరానికి ఎంత వేగం మిగులుతుందో పట్టికలో చూసుకుని తూటా ఎంచుకుంటాడు, ఆ దూరం దాటితే కొట్టడు. మన దేశంలో రాబందులను తుడిచిపెట్టింది మాత్రం సీసం కాదు, పశువులకు వాడిన డైక్లోఫెనాక్. పశువైద్యంలో దాన్ని 2006లో నిషేధించారు.

ఇక్కడ దుప్పిని కొడితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద జైలే. మా తోట వైపు నల్లమల దగ్గర కాబట్టి ఈ మాట అనక తప్పదు. నెమళ్ళు దిగినప్పుడు "ఒక్కటి వెయ్యరాదా" అని సలహా ఇచ్చే పెద్దమనుషులకు కొదవ లేదు. వారికి అట్టముక్క చూపిస్తాను.

గాలి సంగతి సర్దుకున్నాను కానీ స్ప్రింగ్ సంగతి మింగుడుపడలేదు. మాది స్ప్రింగ్ రైఫిల్. మడిచి బిగిస్తే లోపలి పిస్టన్ వెనక్కి పోతుంది, మీట నొక్కితే దూసుకొచ్చి గాలిని నొక్కుతుంది. తగరం వాడుతున్న కొద్దీ పేల్చినప్పుడల్లా ఖణేల్‌మనే చప్పుడు పెరుగుతూ వచ్చింది. ఒక సాయంత్రం గుండు అట్ట దాకా కూడా పోలేదు, మడిచేటప్పుడు లోపల ఏదో గరగరలాడింది. హైదరాబాద్‌లో బాగుచేసే పెద్దాయన విప్పి బల్ల మీద పరిచాడు. స్ప్రింగ్ చివరి చుట్టు తెగి విడిగా పడి ఉంది. పిస్టన్ ముందుండే వాషర్ అంచు అణిగి పగిలింది. ఆయన ఒక అరచేతిలో సీసం గుండు, రెండో అరచేతిలో తగరం గుండు పెట్టుకుని, "సార్, ఈ సీసం కాస్త ఆగుతుంది. ఈలోపు ముందున్న గాలి దిండులా పిస్టన్‌ను పడుతుంది. ఈ తగరం ఆగదు, ముందే వెళ్ళిపోతుంది. పిస్టన్ పోయి లోపలి గోడకు కొట్టుకుంటుంది. ఖాళీగా పేల్చినంత పని" అన్నాడు. స్ప్రింగ్ అప్పటికే పాతది, పాపమంతా తగరానిదే అనలేను. కొత్త స్ప్రింగ్, వాషర్ వేశాక అదే గొట్టంలో సీసం గుండు పేలిస్తే చప్పుడు ఎంత మెత్తగా ఉందో విన్నాక మాత్రం ఆయన మాట కాదనబుద్ధి కాలేదు.

ఇప్పుడు వసారాలో తగరమే, కాకపోతే సాధన గంటలు తగ్గించి, వాషర్‌ను ముందే మార్పిస్తున్నాను. తగరం గుండు సీసమంత తేలిగ్గా అణగదు కాబట్టి తగిలి వెనక్కి ఎగిరే ప్రమాదం ఎక్కువ, కళ్ళద్దాలు పెట్టనిదే అమ్మాయిని రైఫిల్ ముట్టనివ్వను. తోటలో సీసం వాడతాను, గుండ్లు మట్టిలోకి పోకుండా పెట్టెలో గుడ్డలు కుక్కి పట్టి, ఇంటికి రాగానే సబ్బుతో చేతులు కడుగుతాం. మీది గాలి నింపుకునే పీసీపీ రైఫిల్ అయితే దానిలో స్ప్రింగ్ పిస్టన్ ఉండదు, నా గోడులో సగం మీకు వర్తించదు. ఇంట్లో చిన్నపిల్లలు లేకుండా, దూరం కొట్టే సరదా ఒక్కటే ఉంటే, సీసం కంటే బాగా ఎక్కువ ధర పెట్టి తగరం ఎందుకు కొనాలో నాకు తోచదు. కొనదలిస్తే ముందు ఒక్క డబ్బా తెచ్చి మీ బ్యారెల్‌కు నప్పుతుందో లేదో చూసుకోండి.