స్టిర్ ప్లేట్ మంచిదే, నాబ్ మాత్రం మొండిది

ముందే చెబుతున్నాను: ఇంట్లో బీరు కాయడానికి పొడి ఈస్ట్ వాడేవారికి ఈ స్టిర్ ప్లేట్‌తో, అంటే ఫ్లాస్క్‌లోని ద్రవాన్ని కలియతిప్పే పరికరంతో, పని లేదు. పొడి ప్యాకెట్‌లో కణాలు దండిగా ఉంటాయి, దానికి స్టార్టర్, అంటే ముందుగా కొద్దిపాటి తీపి ద్రవంలో ఈస్ట్‌ను పెంచుకోవడం, అక్కర్లేదు. ద్రవరూపంలో వచ్చే ఈస్ట్‌తో, అందులోనూ లాగర్ (చల్లగా ఉంచి పులియబెట్టే బీరు) చేసేవారైతే చదవండి.

లెక్క ఇది. 12 ప్లేటో (అంటే సుమారు 12 శాతం చక్కెర) చిక్కదనం ఉన్న 20 లీటర్ల వోర్ట్‌కు, అంటే మొలకెత్తించిన బార్లీ (మాల్ట్) నుంచి తీసిన పులియని తీపి రసానికి, ఏల్ (లాగర్ కన్నా వెచ్చగా పులిసే బీరు) అయితే సుమారు 18,000 కోట్ల ఈస్ట్ కణాలు కావాలి. లాగర్‌కు దానికి రెట్టింపు. ద్రవ ఈస్ట్ ప్యాకెట్లు చాలావాటిలో తాజాగా ఉన్నప్పుడే 10,000 కోట్లకు అటూఇటూ ఉంటాయి, నిల్వలో అవీ చస్తూ పోతాయి. ఆ లోటు పూడ్చేదే స్టార్టర్. ఫ్లాస్క్‌ను గుర్తొచ్చినప్పుడల్లా చేత్తో ఊపినా ఈస్ట్ పెరుగుతుంది, కాదనను. రాత్రంతా ఎవరు ఊపుతారు?

ఆ ఊపే పనే ఈ ప్లేట్‌ది. పలక కింద మోటారు అయస్కాంతాన్ని తిప్పుతుంది, దానితో పాటు ఫ్లాస్క్‌లోని చిన్న తెల్లటి కడ్డీ తిరుగుతుంది. కార్బన్ డయాక్సైడ్ బయటకు పోతుంది, గాలి లోపలికి వస్తుంది, ఈస్ట్ అడుగుకు చేరదు. లీటరు నీటికి 100 గ్రాముల మాల్ట్ పొడి, చిటికెడు ఈస్ట్ పోషకం వేసి పావుగంట మరిగిస్తాను. బాగా చల్లార్చి ఈస్ట్ కలిపి, మూతికి అల్యూమినియం రేకు వదులుగా కప్పుతాను. గాలి ఆడాలి కనుక ఎయిర్‌లాక్ (వాయువును బయటకు మాత్రమే వదిలే బిరడా) పెట్టను. మర్నాటికి పలుచటి మజ్జిగలా తయారవుతుంది. లాగర్‌కైతే తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, ఈస్ట్ అడుగున పేరుకున్నాక పైతేట పారబోస్తాను. ఆ తేట రుచి బీరులో కలవడం నాకిష్టం లేదు.

మోటారుకు పూర్తి మార్కులు. చప్పుడు లేదు, ఎంతసేపు తిరిగినా పలక వేడెక్కదు. ఈస్ట్‌కు వేడి పడదు కనుక ఇది చిన్న విషయం కాదు.

నాబ్ దగ్గరే తంటా. కొంత దూరం తిప్పినా చలనం ఉండదు, ఆపైన ఒక్కసారిగా వేగం అందుకుంటుంది. కడ్డీ పట్టు తప్పి ఫ్లాస్క్ అంచున గిలగిల కొట్టుకుంటుంది. ఆపి, మధ్యకు తెచ్చి, మళ్లీ మొదలు. దీనికి తోడు వారిచ్చిన ఫ్లాస్క్ అడుగు కాస్త ఉబ్బుగా ఉంది. అడుగు చదునుగా ఉన్న నా పాత ఫ్లాస్క్‌లో ఈ గొడవ తక్కువ. పెట్టె మీది బొమ్మలో చూపిన లోతైన సుడి వట్టి ఆర్భాటం. పైన చిన్న గుంట పడితే చాలు.

ఈస్ట్ వంపేటప్పుడు కడ్డీ జారి బీరులో పడకుండా ఫ్లాస్క్ అడుగున బయటి నుంచి ఇంకో అయస్కాంతం పట్టుకోవాలి. అది పెట్టెలో ఇవ్వలేదు. పాత స్పీకరులోది వాడుతున్నాను.

నాబ్ సంగతి తయారీదారులకు రాస్తే మెల్లగా తిప్పమని జవాబిచ్చారు. మెల్లగానే తిప్పుతున్నాను.