నాలుగేళ్ళు వాడాక మా సీ కయాక్ గురించి

చెన్నైలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 16 అడుగుల ప్లాస్టిక్ సీ కయాక్ ఇది, అంటే కూర్చుని తెడ్డుతో నడిపే సన్నటి సముద్రపు పడవ. బరువు 28 కిలోలు. మేముండేది తిరుపతిలో. నెలకు ఒకసారైనా కారు మీద కట్టుకుని శ్రీకాళహస్తి, వరదయ్యపాలెం మీదుగా తడకు పోతాను. ముందే అడిగి, చెప్పి, భీములవారిపాలెంలో నీళ్ళలోకి దింపి పులికాట్‌లో ఇరకం దీవి వైపు వెళ్తాను. షార్, అంటే శ్రీహరికోట రాకెట్ కేంద్రం వైపు మాత్రం పోకూడదు. గాలి నెమ్మదించిన నెలల్లో తూపిలిపాళెం దగ్గర సముద్రంలోకి.

ఖాళీ పడవను అరగంట నడిపి బాగాలేదని తేల్చేయకండి. నేనూ మొదట్లో అట్లే అనుకున్నా. ఖాళీగా ఉంటే నీళ్ళ మీద పైపైన తేలుతూ, పక్కగాలి తగలగానే ముక్కు గాలివైపు తిప్పేస్తుంది. సీటు వెనక 12 లీటర్ల నీళ్ళు, టెంటు, బియ్యం, స్టవ్వు అన్నీ కలిపి 40 కిలోలు ఎక్కించిన రోజు ఒడ్డున వల సర్దుకుంటున్న పెద్దాయన చూసి, "ఇప్పుడు కూర్చునింది నాయినా పడవ" అన్నాడు. నిజమే. ఆ రోజు అలల మధ్య గీత గీసినట్టు పోయింది.

స్కెగ్, అంటే వెనక అడుగున దిగే చిన్న రెక్క, సముద్రంలో ఎంతో మేలు. పులికాట్‌లో మాత్రం తలనొప్పే. ఎండాకాలం నీళ్ళు మోకాలి లోతుకు పడిపోతాయి. బురద, గవ్వముక్కలు సందులో ఇరుక్కుని రెక్క కిందికి రాదు. రెక్క కొసన చిన్న రంధ్రం వేసి జానెడు తాడు కట్టాను. ఇరుక్కుంటే పక్క పడవలో ఉన్నవాళ్ళు లాగుతారు. ఒంటరిగా పోతే ఒడ్డుకు రావాల్సిందే.

అసలు చెప్పాల్సింది సామాన్ల అరల మీది మూతల గురించి. రెండో ఏడాది ఫిబ్రవరిలో, తూపిలిపాళెం నుంచి బయల్దేరిన గంటన్నరకు వెనకభాగం బరువెక్కినట్టనిపించింది. తెడ్డు వేస్తుంటే ముక్కు పైకి లేస్తోంది. ఒడ్డుకొచ్చి తెరిస్తే దుప్పటి నీళ్ళలో తేలుతోంది. మూత రబ్బరు అంచును గోటితో నొక్కితే పొడిపొడిగా రాలింది. రెండు వేసవులు మిద్దె మీద ఎండలో పెట్టిన తప్పు నాదే. లోపలి అడ్డుగోడ గట్టిగా ఉండబట్టి నీళ్ళు నా కాళ్ళ దగ్గరికి రాలేదు, పడవ మునగలేదు. పాతది కొనేవాళ్ళు రంగు తర్వాత చూడండి, ముందు మూత అంచులు మడిచి చూడండి. నేనిప్పుడు మూతలు తీసేసి పాత పంచెలో చుట్టి ఇంట్లో పెడుతున్నా.

మన ఎండకు ఇంకో సంగతి. కారు మీద బెల్టు బిగించి కడితే అడుగున సొట్ట పడుతుంది. భయపడక్కర్లేదు, తిరగేసి ఒక మధ్యాహ్నం ఎండలో వదిలితే చాలావరకు సర్దుకుంటుంది.

సీటు నాకు నచ్చలేదు. మూడు గంటలకే తొడలు తిమ్మిరెక్కేవి. 2009లో జర్మనీ కయాకర్ ఫ్రేయా హాఫ్‌మైస్టర్ కయాక్‌లో ఒంటరిగా 332 రోజుల్లో ఆస్ట్రేలియా చుట్టి వచ్చింది. మధ్యలో కార్పెంటారియా అఖాతం దాటేటప్పుడు రాత్రుళ్ళు కయాక్‌లోనే పడుకుంది. అది చదివాక సీటును అంత తేలిగ్గా వదిలేయబుద్ధి కాలేదు. తొడల కింద రెండంగుళాల ఫోమ్ ముక్కలు కోసి అతికించా. ఇప్పుడు ఐదు గంటలు దిగకుండా కూర్చుంటున్నా.