రెండంచెల బీరు స్టాండు: ఇరుకు చోటుకు తగినదే, పై పలకే బలహీనం

టెక్సస్‌లోని మా గ్యారేజీలో ఒక్క మూలే ఖాళీగా ఉండడంతో, ఇంట్లో బీరు కాచుకోవడానికి మూడంచెల స్టాండు మానుకొని రెండంచెల ఇనుప స్టాండు తెప్పించుకున్నాను. మరపట్టిన బార్లీ మాల్టును 67 డిగ్రీల సెల్సియస్ దగ్గర గంటసేపు నానబెట్టే పాత్రను పై అంచెలో పెట్టి కుళాయి తిప్పితే, తేనెరంగు తీపిరసం సన్నని ధారగా కింది గిన్నెలోకి దానంతటదే దిగుతుంది. పంపు ఖర్చు తప్పడమే దీని అసలు లాభం.

అయితే 19 లీటర్ల బీరుకు నీరూ ధాన్యమూ కలిసి ఇరవై కిలోలకు తక్కువ కావు కనుక, రెండో వాడకానికే పై పలక నడుమ కుంగింది. అడ్డంగా ఇనుప యాంగిల్ వెల్డింగు చేయించాక గట్టిపడింది. ఆ పని తయారీదారే చేసి ఉండవలసింది. మూడో అంచె లేదు కనుక, ధాన్యంలో మిగిలిన తీపిని కడిగే వేడినీటిని మనమే పై పాత్రలో పోయాలి; గిన్నెతో సహా పైకెత్తి పోయడం ప్రమాదకరం, చిన్న మగ్గుతో పోయండి. గ్యాసు పొయ్యిని మాత్రం ఆరుబయటే వెలిగించాలి.