విశాఖ ఇంట్లో ఏ చేప మేలు: ఎండ్లరా, నాటు గప్పీయా, అమెకానా?

పిల్లల్ని పెట్టే చేపలంటే ముందు గుర్తొచ్చేవి షాపుల్లోని పెద్ద తోక గప్పీలు, బెలూన్ మోలీలు. ఇక్కడ వాటి సంగతి కాదు. వాగుల్లో, మడుగుల్లో ఎలా పుట్టాయో అలాగే ఉన్న నాటు రకాలను పెంచి, పిల్లలు తీసి, ఆ వంశాన్ని చెడకుండా నిలపాలనుకునేవాళ్ల కోసం ఇది. అందంలో ఏదీ తక్కువ కాదు. ఎండ్లర్, నాటు గప్పీ, అమెకా అనే మూడు చేపల్లో నేను చూసేది రెండే: మన ఊరి మే నెలను తట్టుకుంటుందా, వంశం కలగాపులగం కాకుండా కాపాడుకోగలమా.

ముందు వేడి సంగతి. ట్యాంక్ మీద చిన్న ఫ్యాన్ పెడితే నీరు ఆవిరవుతూ చల్లబడుతుందని అందరూ చెప్తారు. పొడి ఎండ ఉన్న ఊళ్లలో అది నిజమే. మనకు ఉక్కపోత. గాలి నిండా తేమ ఉన్నప్పుడు నీరు ఆవిరయ్యేదే తక్కువ, కాబట్టి చల్లబడేదీ తక్కువ. మేలో కిటికీ పక్కనున్న ట్యాంక్‌లో నీళ్లు 31, 32 డిగ్రీలకు చేరితే రాత్రి కూడా పెద్దగా దిగవు.

నీళ్ల విషయంలో మాత్రం మనకు కలిసొచ్చింది. ఈ చేపలకు కఠినమైన నీళ్లే పడతాయి. తీరానికి దగ్గరి కాలనీల్లో పప్పు ఉడకనివ్వని బోరు నీళ్లు వీటికి బాగానే సరిపోతాయి. మరీ ఉప్పగా ఉంటే కుళాయి నీళ్లు కలపాలి. ఆ కుళాయి నీళ్లకు యాంటీ క్లోరిన్ చుక్కలు వేయడం మరిచిపోకూడదు.

ఎండ్లర్ సొంతూరు వెనెజువెలా తీరంలోని కుమనా. అక్కడ సముద్రం పక్కనే ఉన్న లగూనా డి పాటోస్ అనే మడుగులో 1937లో ఫ్రాంక్లిన్ బాండ్ దీన్ని సేకరించాడు. 1975లో జీవశాస్త్రవేత్త జాన్ ఎండ్లర్ మళ్లీ పట్టాడు. పొయెసీలియా వింగై అనే శాస్త్రీయ నామం 2005లో గానీ రాలేదు. జాన్ ఎండ్లర్ చూసినప్పుడు ఆ మడుగు నీళ్లు వెచ్చగా, కఠినంగా, పాచి పట్టి పచ్చగా ఉన్నాయి. మన బాల్కనీ తొట్టెలో దాదాపు అవే నీళ్లు కదా! మగది అంగుళం లోపే ఉంటుంది. ఆడదాని ముందుకొచ్చి ఒళ్లు విల్లులా వంచి వణుకుతుంది. అప్పుడు ఒంటి మీది నారింజ మచ్చ, నల్ల గీత, వెలుతురు తగిలితే మెరిసే ఆకుపచ్చ అన్నీ ఒక్కసారే కనిపిస్తాయి. మూడు వారాలు దాటాక, నెల తిరిగేలోపు కాన్పు. జావా మాస్ అనే నీటి నాచు దట్టంగా ఉంటే పిల్లల్ని వేరు చేయకపోయినా చాలావరకు బతుకుతాయి.

నాటు గప్పీ కూడా ఇంతే గట్టిది. ట్రినిడాడ్‌లో పెద్ద చేపలు వేటాడే చోట మగ గప్పీలు వెలిసిపోయినట్టుంటాయి, వేట తక్కువున్న పై వాగుల్లో రంగులు విచ్చుకుంటాయి. దీన్ని చెరువుల్లో పరీక్షించి 1980లో ప్రచురించింది కూడా ఆ జాన్ ఎండ్లరే. అందుకే నాటు గప్పీలో ఏ వాగుదో తెలియడమే అసలు విలువ. మన కాలవల్లో తిరిగే గప్పీలకు ఆ చరిత్ర లేదు. దోమల కోసం గత శతాబ్దం మొదట్లో దేశంలోకి తెచ్చిన వాటి సంతతికి షాపుల నుంచి బయటపడ్డవెన్నో కలిశాయి. డాబా మీది తొట్టెలో దోమ పిల్లల్ని తినడానికి అవి చాలు, వంశం నిలిపే పనికి మాత్రం కాదు. పైగా గెడ్డలో పట్టిన చేపతో పేగు పురుగులు కూడా రావచ్చు. నెల రోజులైనా విడిగా ఉంచి చూడాలి. ఇక మలేరియా విభాగాలు చెరువుల్లో వదిలే గంబూసియా చేప 1928లో మన దేశానికి వచ్చింది. పక్క చేపల రెక్కలు కొరికేస్తుంది, ఇంట్లోకి అసలు వద్దు.

ఎండ్లర్, గప్పీ రెండూ కావాలనుకునేవాళ్లకు అసలు చిక్కు ఇక్కడే. ఒకే ట్యాంక్‌లో వేస్తే అవి కలుస్తాయి. పుట్టిన పిల్లలు గొడ్డుపోవు, మళ్లీ పిల్లలు పెడతాయి. రెండు మూడు తరాల్లో ఏది ఏదో చెప్పడం ఎవరి తరమూ కాదు. అంతకంటే మోసం ఇంకొకటి ఉంది. ఒకసారి కలిసిన ఆడచేప ఆ వీర్యాన్ని నెలల తరబడి కడుపులో దాచుకుని, మగది లేకపోయినా కాన్పు మీద కాన్పు పెడుతుంది. షాపులో గప్పీల పక్కన పెరిగిన ఆడ ఎండ్లర్‌ను తెచ్చి, పక్కన మంచి మగవాటిని వేసినా పిల్లలు ఎవరివో తెలియదు. అందుకే పెంపకందార్లు పుట్టిన చోటు నుంచి ఆధారం ఉన్నవాటిని ఎన్ క్లాస్ అని, చూపుకు ఎండ్లరే అయినా ఆధారం లేనివాటిని పి క్లాస్ అని, కలిసిపోయినవాటిని కె క్లాస్ అని అంటారు. పిల్లలకు మూడో వారం నుంచి పక్కనుంచి టార్చి వేసి కింది రెక్క చూడాలి. అది సన్నబడి మొన తేలుతోందంటే మగది, వెంటనే వేరే ట్యాంక్‌లోకి మార్చాలి.

ఈ టెన్షన్ లేనిది అమెకా స్ప్లెండెన్స్. మెక్సికోలోని హలిస్కో రాష్ట్రపు చేప, 1971లో పేరు పెట్టారు. గుడీడ్ కుటుంబం. వీటిలో ఆడవి వీర్యం దాచుకోవు, ప్రతి కాన్పుకూ కొత్తగా కలవాల్సిందే. కడుపులో పిల్లలు బొడ్డుతాడు లాంటి పోగులతో తల్లి నుంచి ఆహారం తీసుకుని, దాదాపు రెండు నెలలకు పెద్దగా, బలంగా పుడతాయి. వీటి కుటుంబంలోదే అయిన టెకీలా చేప తన ఏటిలోనే కనుమరుగైపోతే, ఐరోపాలో ఇళ్లలో పెంచినవాటి సంతతిని మెక్సికోలోని మిచోవాకాన్ విశ్వవిద్యాలయం పెంచి తిరిగి తెఉచిత్లాన్ నదిలో వదిలింది. ఇంటి ట్యాంక్ ఏం చేయగలదో దానికి మించిన రుజువు నాకు అక్కర్లేదు.

అయినా విశాఖలో అమెకా వద్దంటాను. దానికి 18 నుంచి 25 డిగ్రీలు హాయి, చలికాలపు చల్లదనం కూడా కావాలి. వేడి నీళ్లలో ప్రాణవాయువు తక్కువ. ఆ సమయంలో కరెంటు పోయి ఎయిర్ పంపు ఆగితే పెద్ద ఒళ్లున్న చేపకే ముందు ముప్పు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రోజుల తరబడి కరెంటు లేకపోవడం మనకు తెలిసిందే. మొక్కలు నిండిన వెడల్పాటి తొట్టెలో కొద్దిపాటి ఎండ్లర్లు అలాంటప్పుడు పంపు లేకుండానే నెట్టుకొస్తాయి. పగలూ రాత్రీ ఏసీ నడిచే గది ఉన్నవాళ్ల సంగతి వేరు. అరకులో ఇల్లున్నవాళ్లయితే అమెకానే తీసుకోవాలి.

నాటు స్వార్డ్‌టెయిల్ మన వేడికి ఆగుతుంది, కానీ నాలుగడుగుల ట్యాంక్, గట్టి మూత కావాలి. షాపులో ఎర్రటివి చాలావరకు ప్లాటీ అనే మరో చేపతో కలిపినవే.

కాబట్టి విశాఖ ఫ్లాట్‌లో ఒక్క రకమే పెంచే వీలుంటే నా ఓటు ఎన్ క్లాస్ ఎండ్లర్‌కే. అది దొరక్కపోతే పి క్లాస్ తెచ్చుకుని పి క్లాస్ అనే చెప్పి ఇవ్వండి. ఏ వాగుదో తెలిసిన గప్పీ చేతికొస్తే ఎండ్లర్‌ను పక్కన పెట్టి దాన్నే పెంచండి. ఏదైనా సరే, పాతికకు తగ్గకుండా ఉంచి, రెండో ఇంట్లో కూడా అదే వంశం ఉండేలా స్నేహితులకు పంచండి. మిగిలిన పిల్లల్ని ముడసర్లోవలోనో పక్క గెడ్డలోనో వదలకండి.