రెండో సంపుటం దగ్గర ఆగిపోతే ఏ వరుస మేలు?

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కథల పుస్తకాలకు ఇంగ్లీషు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఇలా పెరిగిన పాఠకులు టోల్కిన్ ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ మొదటి సంపుటం గబగబా ముగించి, రెండోదైన ‘టూ టవర్స్’ సగంలో ఆగిపోతుంటారు. తర్వాత అందరూ అడిగేది ఒకటే: అచ్చులో ఉన్న వరుసలోనే చదవాలా, రెండుగా చీలిన కథ దారులను తేదీల ప్రకారం కలిపి చదవాలా, సినిమా చూసి మూడోదానికి వెళ్లిపోవాలా? సినిమాలు చూసినవాళ్లే ఎక్కువ కనుక కథ దాచకుండా చెబుతాను.

విసుగు పుట్టడం పాఠకుడి తప్పు కాదు. టోల్కిన్ రాసింది ఆరు కాండల ఒకే కథ. ప్రచురణలో అది మూడు సంపుటాలయింది. అందుకే నడిమి దానికి తనదైన మొదలూ లేదు, ముగింపూ లేదు. ఇందులోని మూడో కాండ 11 అధ్యాయాల్లో, ఉంగరాన్ని మోస్తున్న ఫ్రోడో ఒక్కసారీ కనబడడు. నాలుగో కాండ 10 అధ్యాయాల్లో, రెండో దారిలో వెళ్లిన వీరుడు అరగోర్న్ కనబడడు. మహేంద్రగిరికి ఇటు కొందరు, అటు కొందరు చీలిపోయి, ఒకరి కబురు ఒకరికి అందనట్టు ఉంటుంది.

తేదీల పద్ధతికి ఆధారం మూడో సంపుటం చివరి అనుబంధాల్లో దొరుకుతుంది. కథలో ఫిబ్రవరి 26న ఫ్రోడో బృందం చీలుతుంది. మార్చి 3 రాత్రి హెల్మ్స్ డీప్ యుద్ధం. మార్చి 5న మాంత్రికుడు గాండాల్ఫ్, ద్రోహిగా మారిన మాంత్రికుడు సారుమాన్‌ను నిలదీస్తుంటే, అదే రోజు ఫ్రోడో శత్రుదేశపు నల్ల ద్వారం ఎదుట దాక్కుని ఉంటాడు. ఈ సంగతి తెలిస్తే బాగుంటుంది. అయితే లెక్క వేసి చూడండి: మూడో కాండతో కలిసేవి నాలుగో కాండ మొదటి మూడు అధ్యాయాలే. ఈ సంపుటం వరకు మిగతా ఏడూ ఎలాగూ వరసగా చదవాల్సిందే. ఇంత శ్రమకు దక్కేది కొంచెమే.

పోయేది మాత్రం పెద్దది. నా దృష్టిలో తేల్చేది ఇదే. నాలుగో కాండ ఫ్రోడో శత్రువులకు చిక్కడంతో ఆగుతుంది. ఐదో కాండ చివర, మార్చి 25న, శత్రువు దూత ఫ్రోడో తొడుక్కున్న మిత్రిల్ లోహపు కవచాన్ని గాండాల్ఫ్ ముందు పెడతాడు. అచ్చు వరుసలో చదివినవాడికి ఆ క్షణాన, చిక్కిన ఫ్రోడో తర్వాత ఏమయ్యాడో గాండాల్ఫ్‌లాగే తెలియదు, గుండె జారిపోతుంది. తేదీల వారీగా చదివినవాడు తోడుగా వెళ్లిన శామ్ ఫ్రోడోను విడిపించడం అప్పటికే చదివేసి ఉంటాడు. ఆ భయం మళ్లీ దొరకదు.

2002 నాటి సినిమా రెండు దారులనూ కలిపి నడుపుతుంది, చూడ్డానికి బాగుంటుంది. కానీ పుస్తకానికి బదులుగా సరిపోదు. నాలుగో కాండలోని షెలోబ్ అనే రాక్షస సాలీడు గుహ మూడో సినిమాకు జరిగింది. పుస్తకంలో ఉంగరాన్ని ఆశించని సేనాని ఫరామిర్, సినిమాలో ఫ్రోడోను ఓస్గిలియాత్ నగరం దాకా లాక్కెళతాడు. ఆ మనిషిని అలా ఎరిగి మూడో సంపుటం తెరిస్తే అతని బాధ అందదు.

పూర్తిగా వదిలేయడమా? నన్నయ ఆపిన అరణ్యపర్వ శేషం వదిలి తిక్కన విరాటపర్వం ఎత్తుకున్నా పాఠకుడికి ఇబ్బంది లేదంటే, భారత కథ అందరికీ తెలిసినదే గనుక. ఇక్కడ అది కుదరదు.

కాబట్టి అచ్చు వరుసే. చాలామంది ఆగేది మూడో కాండ నాలుగో అధ్యాయంలో, చెట్టు మనిషి ట్రీబియర్డ్ దగ్గర. అతని మాట నిదానం, అక్కడ తొందరపడితేనే విసుగు. మూడో కాండ అయ్యాక విరామం తీసుకోకుండా, నాలుగో కాండ మొదటి మూడు అధ్యాయాలు ఒకే రోజు చదవండి. మూడో సంపుటం ముందే చేతిలో పెట్టుకోండి: ఫ్రోడో మళ్లీ కనబడేది ఐదో కాండలోని 10 అధ్యాయాలు దాటాకే.