ఎంబెడ్ టిక్‌ను నమ్ముకున్న ఏడేళ్లు

శిక్షణ తరగతులకు స్లయిడ్లు తయారు చేయడం నా పని. నేను చేసిన ఫైల్ నా దగ్గర ఉండదు. ఎవరో తెరుస్తారు, ఇంకెవరో మారుస్తారు, మరో గదిలో మరో కంప్యూటర్‌లో చూపిస్తారు. అందుకే పవర్‌పాయింట్‌లో ఫాంట్‌ను ఫైల్‌తోపాటే పంపే, అంటే ఎంబెడ్ చేసే, సదుపాయాన్ని ఏడేళ్లుగా వాడుతున్నాను. మంచిదే. కాకపోతే దాని తిక్క తెలిసి వాడాలి.

ఫైల్, ఆప్షన్స్, సేవ్ లోకి వెళ్తే అట్టడుగున 'ఎంబెడ్ ఫాంట్స్ ఇన్ ద ఫైల్' అని ఒక గడి ఉంటుంది. టిక్ పెట్టడం అర నిమిషం పని. ఆ టిక్ ఆ ఒక్క ఫైల్‌కే వర్తిస్తుందని, కొత్త ఫైల్‌కు మళ్లీ పెట్టాలని అర్థం కావడానికి నేను రెండుసార్లు నవ్వులపాలయ్యాను. మ్యాక్‌లో అయితే 2019 వెర్షన్ నుంచే ఇది వచ్చింది, అంతకుముందు లేదు.

మొదటి రెండేళ్లు ఏ గొడవా లేదు. తర్వాత ఒకరు తమ సంస్థ టెంప్లేట్ ఇచ్చారు, శీర్షికలకు అందమైన ఇంగ్లిష్ ఫాంట్‌తో. టిక్ పెట్టాను, ఏ హెచ్చరికా లేకుండా సేవ్ అయింది, రాత్రే పంపేశాను. పొద్దున్నే పాఠం చెప్పే ఆవిడ ఫోన్: "ఫైల్ తెరుచుకుంటోందండీ, కానీ ఒక్క అక్షరం కూడా మార్చనివ్వడం లేదు. రీడ్ ఓన్లీగా తెరవాలా, ఆ ఫాంట్లు తీసేయాలా అని అడుగుతోంది." తరగతికి నలభై నిమిషాలే ఉంది, తేదీ మార్చక తప్పదు. తీసేయమన్నాను. శీర్షికలన్నీ వేరే ఫాంట్‌లోకి మారి, రెండో వరుసలోకి జారి, కింద బొమ్మల మీద కూర్చున్నాయి. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తే.

తప్పు నాదే, ఫాంట్ అనుమతి చూడలేదు. ప్రతి ఫాంట్ లోపలా దాన్ని ఎంతవరకు ఎంబెడ్ చేయవచ్చో చెప్పే చిన్న గుర్తు ఉంటుంది. 'ఇన్‌స్టాలబుల్', 'ఎడిటబుల్' అయితే నిశ్చింత. 'రిస్ట్రిక్టెడ్' అయితే అసలు ఎంబెడ్ కాదు, ఆ సంగతి సేవ్ చేసేటప్పుడే తెలిసిపోతుంది. అసలు ముప్పు మధ్యలో ఉన్న 'ప్రింట్ అండ్ ప్రివ్యూ'తోనే. అది బుద్ధిగా ఫైల్‌లోకి ఎక్కుతుంది, చూడనిస్తుంది, ప్రింట్ తీయనిస్తుంది, మార్చబోతే మాత్రం తాళం. ఆ తాళం ఫైల్ పంపినవాడికి కనిపించదు, అందుకున్నవాడికే కనిపిస్తుంది. నన్నడిగితే ఈ సదుపాయంలో ఉన్న పెద్ద లోపం ఇదే.

ఇప్పుడు ఏ కొత్త ఫాంట్ వచ్చినా ముందు విండోస్ ఫాంట్స్ ఫోల్డర్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్‌లో 'ఫాంట్ ఎంబెడబిలిటీ' చూస్తాను. ఓటీఎఫ్ ఫైల్‌గా వచ్చిన ఫాంట్లు కొన్నిసార్లు అనుమతి ఉన్నా ఎంబెడ్ కావు, అదే ఫాంట్ టీటీఎఫ్ రూపంలో దొరికితే అది తీసుకోవడం మేలు. ఫాంట్ లోపలి ఆ అనుమతి గుర్తును టూల్‌తో మార్చేసుకోవచ్చని సలహా ఇచ్చినవాళ్లు ఉన్నారు. మార్చడం కష్టమేమీ కాదు, నిజమే. కానీ గుర్తు మారితే లైసెన్స్ మారదు కదా.

ఒక్కోసారి తాళం వేసిన ఫాంట్ స్లయిడ్లలో ఎక్కడా కనిపించదు. ఒకసారి గంటసేపు వెతికితే స్లయిడ్ మాస్టర్‌లో, అంటే స్లయిడ్లన్నిటికీ మూలమైన నమూనాలో, ఒక బుల్లెట్ చుక్కకు తగిలించి ఉంది! హోమ్‌లో రీప్లేస్ కింద ఉండే 'రీప్లేస్ ఫాంట్స్' జాబితా చూస్తే ఇలాంటివాళ్లు బయటపడతారు. చాలావరకు అక్కడికక్కడే మార్చేయవచ్చు.

ఎంబెడ్ చేసేటప్పుడు రెండు దారులు ఉంటాయి: వాడిన అక్షరాలు మాత్రమే, లేదా అన్నీ. మొదటిదానితో ఫైల్ తేలికగా ఉంటుంది, కానీ అవతలివాళ్లు కొత్త పదం రాస్తే లేని అక్షరాలకు వేరే ఫాంట్ వచ్చి పడుతుంది. గుణింతాలూ ఒత్తులూ ఉన్న మన లిపిలో ఇది మరీ ఎబ్బెట్టు. నేను ఎప్పుడూ రెండోదే పెడతాను.

తెలుగుకు మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు వాడుతున్నాను. ఇవి ఓపెన్ ఫాంట్ లైసెన్స్‌వి, డాక్యుమెంట్‌లో ఎంబెడ్ చేయడానికి అభ్యంతరం లేదు. ఎంబెడ్ చేయకుండా పంపితే విండోస్‌లో నిర్మలా యూఐ, మ్యాక్‌లో కోహినూర్ లాంటివి వచ్చి చేరతాయి. చదవడానికి ఇబ్బంది లేదు గానీ వెడల్పులు మారి, లెక్కగా సర్దిన పెట్టెలన్నీ చెదిరిపోతాయి.

నిషేధం ఉన్న ఫాంట్ తప్పనిసరైతే, ఆ ఒక్క శీర్షికను పవర్‌పాయింట్‌లోనే ఉండే మెర్జ్ షేప్స్‌తో ఆకారంగా మార్చేస్తాను. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. తప్పుంటే మళ్లీ మొదటినుంచి చేయాలి, తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల కోసం ఆల్ట్ టెక్స్ట్, అంటే బొమ్మలో ఏముందో చెప్పే మాటలు, కూడా రాయాలి. లోగోకు, ముఖపత్రానికి సరే, అంతకుమించి వద్దు. చూపించడానికే అయితే పీడీఎఫ్ కూడా జతచేస్తాను.

ఆ టెంప్లేట్ ఇంకా వాడుతున్నాం. శీర్షికల ఫాంట్ మాత్రం దగ్గరగా ఉండే ఓపెన్ ఫాంట్‌తో మార్చేశాను. ఇచ్చినవాళ్లు ఇంతవరకు గుర్తుపట్టలేదు.